చలిదేశపు కిటికీలో ఆఫ్రికన్ వయొలెట్



బయట మంచు కురుస్తున్నా యింటి కిటికీలో పూసే చిన్న మొక్క ఒకటుంది. దాని పేరు ఆఫ్రికన్ వయొలెట్. పుట్టిల్లు తూర్పు ఆఫ్రికాలోని టాంజానియా. అక్కడి ఉసంబరా కొండల్లో, చెట్ల నీడన, రాళ్ళ సందుల్లో పెరుగుతుంది. 1892లో సెయింట్ పాల్ అనే జర్మను అధికారి దీన్ని చూచి యూరపుకు పంపాడు. సెయింట్‌పాలియా అనే పాత శాస్త్రనామం ఆయన పేరుమీద వచ్చిందే.

షికాగో, టొరంటో వంటి చలి వూళ్ళలో కాపురమున్న మనవాళ్ళు యీ మొక్క తెచ్చుకుంటే, శీతకాలం దాటించడం యెలాగ? ఇది కొండనీడ మొక్క అని గుర్తుంచుకుంటే సగం పని అయినట్లే.

మొదటిది వెచ్చదనం. 18 నుంచి 24 డిగ్రీల సెంటీగ్రేడు దీనికి హాయి. 15కి దిగితే యెదుగుదల కుంటుపడుతుంది. పగలు కిటికీలో వుంచినా, రాత్రి అద్దానికి దూరంగా జరపండి. అలాగని హీటరు పక్కన పెట్టకూడదు. ఆ పొడిగాలికి మొగ్గలు మాడిపోతాయి. పళ్ళెంలో గులకరాళ్ళు పోసి, కొంచెం నీరుంచి, ఆ రాళ్ళమీద కుండీ పెట్టండి. కుండీ అడుగు మాత్రం నీటికి తగలరాదు.

రెండోది వెలుతురు. తూర్పు కిటికీ మంచిది. పగటిపొద్దు తక్కువైన నెలల్లో ట్యూబులైటు కింద రోజుకు 12 నుంచి 14 గంటలు వుంచవచ్చు. మిగతా వేళ చీకటి వుండాలి. ఆకుకాడలు సాగి పైకి లేస్తే వెలుతురు చాలలేదన్నమాట. ఆకులు పాలిపోయి గిడసబారితే యెక్కువైందన్నమాట.

మూడోది నీరు. ఎక్కువ మొక్కలు చచ్చేది యిక్కడే. కుళాయి చన్నీళ్ళు ఆకుమీద పడితే మచ్చలు పడతాయి; ఆ మచ్చలు మళ్ళీ పోవు. నీటిని ముందే పట్టి గదిలో వుంచి, ఆ చలి విరిగాక వాడండి. కుండీ కింది పళ్ళెంలో పోసి, అరగంట తర్వాత మిగిలింది పారబోయండి. పైమట్టి ఆరితేనే మళ్ళీ పోయాలి. మట్టి గుల్లగా వుండాలి, కుండీ చిన్నదిగా వుండాలి. మొక్క వెడల్పులో మూడోవంతు కుండీ చాలును.

ఇక్కడొక చిక్కుంది. నీరు లేక వాడిన మొక్కా, నీరెక్కువై వేరు కుళ్ళి వాడిన మొక్కా పైకి ఒక్కలాగే కనబడతాయి. రెండోదానికి యింకా నీరు పోస్తే అది చేజేతులా చంపడమే.

వేరు కుళ్ళినా నిరాశ వద్దు. గట్టి ఆకు ఒకటి యెంచి, మూడు సెంటీమీటర్ల కాడతో కోసి, తేమగల గుల్లమట్టిలో గుచ్చండి. పైన పలచని ప్లాస్టిక్ సంచి కప్పండి. రెండు మూడు నెలల్లో ఆకు మొదట్లో పిల్లమొక్కలు లేస్తాయి.

మొక్క వాడిందని చెంబు అందుకునే ముందు, మట్టిలో వేలు పెట్టి చూడండి. ఈ మాట కిటికీలోని కుండీకే కాదు, మన మిరప నారుమడికీ వర్తిస్తుంది.