పశ్చాత్తాపము నుండి మారుమనస్సుకు

ఈ దినము మారుమనస్సును గూర్చి కొద్దిసేపు ధ్యానిద్దాము.

మన ప్రార్థనలలో పశ్చాత్తాపము, మారుమనస్సు అను రెండు మాటలు వాడుతుంటాము. రెండూ ఒకటే అనుకుంటాము. పశ్చాత్తాపమంటే తరువాత కలిగే తాపము. చేసిన తప్పును తలంచుకొని లోలోపల కాలిపోవడము. మారుమనస్సు అంటే మనస్సే మారడము. క్రొత్త నిబంధనలోని మెటనోయియా అను గ్రీకు మాటకు అర్థము ఇదే. పాత నిబంధన ప్రవక్తలు వాడిన హెబ్రీ మాట షూబ్. అంటే వెనుకకు తిరిగి రావడము. తాపము మొదటి మెట్టు మాత్రమే. అక్కడే ఆగిపోతే ప్రమాదము.

ప్రభువు పట్టబడిన రాత్రి ఇద్దరు శిష్యులు పడిపోయారు. ఇద్దరికీ తాపము కలిగింది. మత్తయి 27వ అధ్యాయము చూడండి. యూదా తాను చేసినదానికి బాధపడ్డాడు. 30 వెండి నాణెములు తిరిగి తెచ్చాడు. నిరపరాధిని అప్పగించి పాపము చేశానని పెద్దల యెదుట ఒప్పుకున్నాడు. మన సంఘములో ఎవరైనా ఇంత చేస్తే గొప్ప సాక్ష్యము అంటాము కదా! మరి ఏమి తక్కువైంది?

అతడు వెళ్లినది యాజకుల యొద్దకు. అది తమకు సంబంధించిన విషయము కాదని వారు త్రోసివేశారు. వారి యొద్ద డబ్బు ఉన్నది గాని క్షమాపణ లేదు. తోటలో ముద్దు పెట్టుకొన్నప్పుడు కూడా తనను స్నేహితునిగా పిలిచిన ప్రభువు యొద్దకు యూదా వెళ్లలేదు. తన తీర్పు తానే తీర్చుకున్నాడు.

ఇక పేతురు. ముమ్మారు ప్రభువును ఎరుగనన్నాడు. కోడి కూసింది. ప్రభువు తిరిగి అతని వైపు చూచాడు. అతడు వెలుపలికి పోయి వెక్కి వెక్కి ఏడ్చాడు. తిరిగి ఇచ్చుటకు అతని చేతిలో నాణెములు లేవు. పలికిన మాటను వెనుకకు తీసుకోలేడు. అయినా సమాధి ఖాళీగా ఉన్నదని స్త్రీలు చెప్పగానే పరుగెత్తాడు. తిబెరియ సముద్రము మీద, ఒడ్డున నిలిచినది ప్రభువేనని వినగానే నీళ్లలోకి దూకాడు. దరి ఇంకా సుమారు 200 మూరల దూరమున్నది. దోణె చేరేవరకు ఆగలేకపోయాడు!

ఒడ్డున బొగ్గుల మంట ఉన్నది. అబద్ధమాడిన రాత్రి పేతురు చలి కాచుకొన్నది కూడా బొగ్గుల మంట యొద్దనే. ప్రభువు ఆ గాయమును కప్పిపెట్టలేదు. తన మీద ప్రేమ ఉన్నదా అని ముమ్మారు అడిగి, ముమ్మారు తన గొఱ్ఱెల బాధ్యతను అప్పగించాడు. దాసి యెదుట వణికిన ఆ పేతురే కొన్ని వారములకు పెంతెకొస్తు దినమున యెరూషలేములో నిలిచి మారుమనస్సును ప్రకటించాడు. తరువాత అంతియొకయలో మరల తొట్రిల్లాడు. అంతరంగమందు నూతనపరచబడుట ఒక్క దినముతో ముగిసేది కాదు.

అయితే తప్పును సరిచేయనక్కరలేదా? తప్పక సరిచేయాలి. జక్కయ్య అన్యాయముగా తీసుకొన్నదానికి నాలుగంతలు ఇస్తానన్నాడు. అయితే ముందు ప్రభువును సంతోషముతో తన ఇంట చేర్చుకున్నాడు.

ప్రియ శ్రోతా, ఉజ్జీవ సభలో నీవు ఏడ్చి ఉండవచ్చును. ఆ కన్నీరు నిన్ను ఎక్కడికి నడిపించింది? ఒకవేళ నీవు చేసినదానికి ఇక క్షమాపణ లేదని, బ్రదికి ప్రయోజనము లేదని ఈ సమయమున తలంచుచున్నావా? ఆ తలంపు దేవునిది కాదు. నీ తీర్పు నీవు తీర్చుకోవద్దు. ఒంటరిగా ఉండవద్దు. ఇప్పుడే లేచి నీ ఇంటివారితోనో, నీ పాస్టరుగారితోనో నోరు తెరిచి చెప్పు. పేతురు పడిపోకముందే అతని కొరకు ప్రార్థించిన ప్రభువు ఒడ్డున నిలిచి నీ కొరకు ఎదురు చూచుచున్నాడు.

ప్రార్థిద్దాము. ప్రేమగల తండ్రీ, మా తాపముతో మమ్మును విడిచిపెట్టక, నీ కుమారుని యొద్దకు మమ్మును త్రిప్పుము. మాలో నూతన మనస్సు కలుగజేయుము. యేసు నామములో వేడుకొనుచున్నాము తండ్రీ, ఆమేన్.