మందడం గోళకీమఠం: మలకాపురం శాసనం చూపే సంస్థా స్వరూపం

1. ఉపోద్ఘాతం:
కార్వేటినగరంలో సంస్థానం అంతరించినా వేణుగోపాలస్వామి ఆలయం, స్కంద పుష్కరిణి నిలిచి ఉన్నాయి. సారంగపాణి పదాలు చదివే పరిశోధకునికి ఆ కాలాన్ని ఊహించుకొనేందుకు ఒక స్థలం ఉంది. జర్మనీలోని మౌల్‌బ్రాన్ అనే చిన్న పట్టణంలో 1147లో ఏర్పడిన సిస్టర్సియన్ మఠం మతసంస్కరణ కాలంలో రద్దయి, 1556లో పాఠశాలగా మారింది. దాని భవనాలు నేటికీ ఉన్నాయి. కృష్ణాతీరంలోని మందడం గోళకీమఠం విషయం వేరు. దాని జీవితాన్ని తెలిపే ప్రధాన ఆధారం మలకాపురం శాసనమే. ఆ పాఠాన్ని ఎలా చదవాలన్నది ఈ వ్యాస పరిశీలనాంశం.

2. దానం - విభజన:
శాసనకాలం శ.సం. 1183, అంటే క్రీ.శ. 1261. కాకతీయ గణపతిదేవుని గురువు విశ్వేశ్వరశంభువు గౌడదేశంలోని పూర్వగ్రామానికి చెందినవాడు. గణపతిదేవుడు ఇస్తానన్న మందర గ్రామాన్ని రుద్రమదేవి వెలగపూడితో కలిపి ఆయనకు ధారపోసింది. అక్కడ ఆయన ఆలయం, మఠం, సత్రం నెలకొల్పి అగ్రహారాన్ని ఏర్పరిచాడు. రాబడిలో ఒక భాగం దేవునికి, ఒక భాగం విద్యార్థులున్న శైవమఠానికి, మరో భాగం ప్రసూతిశాల, ఆరోగ్యశాల, విప్రసత్రాలకు కేటాయించాడు. మూడు వేదాలకు ముగ్గురు, పద వాక్య ప్రమాణ సాహిత్య ఆగమాలకు ఐదుగురు అధ్యాపకులు. వీరితోపాటు ఒక వైద్యుడు, ఒక కాయస్థుడు కూడా ఉన్నారు. బ్రాహ్మణుని మొదలు చండాలుని వరకు అందరికీ అన్నం పెట్టాలన్నది మరో నిబంధన.

3. పరిశీలన:
ఈ వివరాల ఆధారంగా గోళకీమఠాన్ని ‘విశ్వవిద్యాలయం’ అనడం పరిపాటి. అయితే శాసనం ఒక ఏర్పాటును విధించే పత్రం. అది ఎంతకాలం, ఎంతమేరకు అమలైందో చెప్పే నివేదిక కాదు. ‘ఇలా జరగాలి’ అన్న విధిని ‘ఇలా జరిగింది’ అన్న చరిత్రగా మార్చి రాయడం పద్ధతి దోషం. అన్నం అందరికీ అన్న శాసనమే విప్రులకు వేరుగా సత్రం కేటాయించింది. ఈ రెంటినీ కలిపి చదవాలి. పైగా ఈ వ్యయానికంతా మూలం గ్రామాల పంట. దానిని పండించినవారి మాట శాసనంలో వినిపించదు.

4. ముగింపు:
నేడు వెలగపూడిలో రాష్ట్ర సచివాలయం ఉంది. ఏడున్నర శతాబ్దాల నాడు అదే నేలమీద పాలకులు, ఆచార్యులు విద్యకు, వైద్యానికి, ప్రసూతికి రాబడిలో వాటా రాసిపెట్టారు. ఆ సంకల్పం చారిత్రక సత్యం. దాని ఫలితాన్ని నిరూపించే బాధ్యత మాత్రం పరిశోధకులది.