మార్క్‌డౌన్ - మూలపాఠ సమస్య

అనంతపుర పీఠభూమిలో కదిరి చెంతనున్న కటారుపల్లె వేమన సమాధిస్థలముగా ప్రసిద్ధము. ఆ కవి పద్యములు ప్రతికొక పాఠముగా నుండగా, బ్రౌన్ దొర పలు ప్రతులను సేకరించి, పోల్చి, 1829లో ప్రకటించెను.

కంప్యూటరు భాషల వివరణ గ్రంథములకును పాఠభేదమే చిక్కు. భాష మారినను పాతప్రతి మారనిచో చదువరి మోసపోవును. దీనికి మూలమొక్కటిగ నుంచుటయే ఉపాయము. 2004లో జాన్ గ్రూబర్ ప్రకటించిన మార్క్‌డౌన్ పద్ధతిలో పంక్తి మొదట హాష్ గుర్తుంచినచో అది శీర్షిక యగును. రస్ట్ భాషాగ్రంథము ఇట్టి ఫైళ్లలోనే వ్రాయబడినది. అధ్యాయక్రమమును వేరొక ఫైలు తెలుపును. ఎండీబుక్ అను సాధనము వానినన్నిటిని చదివి పుటలుగ కూర్చును. దిద్దుబాటు మూలమునందే జరుగును. పుటలు మరల పుట్టును. అందలి ఉదాహరణములను యంత్రముచే నడిపించి పరీక్షింపవచ్చును.

అయినను వివరణము సత్యమా కాదా యని నిర్ణయించుట పరిష్కర్త పనియే యని తలంతుము.