నాడి పెరిగింది, బీపీ నిలిచే ఉంది

చేగుంట 44వ నంబరు జాతీయ రహదారి మీద, తూప్రాన్‌కూ రామాయంపేటకూ నడుమ ఉన్న మండల కేంద్రం. ఇలాంటి చోట్ల ప్రభుత్వాసుపత్రిలో రాత్రిపూట రోగి పక్కన ఉండేది చాలావరకు స్టాఫ్ నర్సే. డాక్టరుకు ఫోన్ చేయాలి. పెద్దాసుపత్రికి పంపాలంటే అంబులెన్స్ రావాలి. ఏదో తేడాగా ఉందని ముందు పసిగట్టాల్సింది ఆ నర్సే.

ఒక ఊహా సందర్భం చూద్దాం. కాన్పయిన గంటకు బాలింత నాడి 84, బీపీ 116/74. పావుగంట తర్వాత నాడి 104, బీపీ 114/76. ఇంకో పావుగంటకు నాడి 118, బీపీ 110/80. కొత్త నర్సు అన్నీ సరిగ్గానే రాసింది. బీపీ బాగానే ఉంది కదా అని ఊరుకుంది.

ఒంట్లో రక్తం తగ్గుతుంటే రక్తనాళాలు బిగుసుకుంటాయి, గుండె వేగం పెంచుతుంది. అందుకే బీపీ కొంతసేపు నిలబడుతుంది. అది పడిపోయేసరికి చాలా రక్తం పోయి ఉంటుంది. నాడిని బీపీ పై అంకెతో భాగిస్తే వచ్చేది షాక్ ఇండెక్స్ (రక్తప్రసరణ దెబ్బతింటోందని తెలిపే సూచిక). బాలింతల్లో అది 0.9 దాటితే జాగ్రత్తపడాలి. ఇక్కడ రెండో కొలతలోనే దాటింది.

ఆ నర్సు చదువుకోలేదా? చదివింది. రక్తస్రావం లక్షణాలు రాయమంటే పరీక్షలో గడగడా రాసేస్తుంది. పుస్తకం జబ్బు పేరుతో మొదలై లక్షణాలకు వస్తుంది. మంచం దగ్గర దారి తిరగబడుతుంది: లక్షణాలు ముందు కనిపిస్తాయి, పేరు మనం వెతుక్కోవాలి. నాడి నొప్పితోనూ పెరుగుతుంది, భయంతోనూ జ్వరంతోనూ పెరుగుతుంది. వీటిలో ఏది? గర్భసంచి గట్టిపడిందా? గుడ్డలు ఎంత తడిశాయి? ఇలా ఒక్కో ప్రశ్నతో తేల్చుకుంటూ పోవడమే విమర్శనాత్మక ఆలోచన. ఇది పుట్టుకతో వచ్చే తెలివి కాదు, నేర్పితే వస్తుంది.

ఎలా నేర్పాలి? క్రిస్టీన్ టానర్ అనే నర్సింగ్ ఆచార్యురాలు 2006లో నాలుగు మెట్లు చెప్పారు: గమనించడం, అర్థం చేసుకోవడం, స్పందించడం, చేసినదాన్ని తిరిగి చూసుకోవడం. నా దృష్టిలో రెండోదే అన్నిటికన్నా కష్టం, మనం అన్నిటికన్నా తక్కువ నేర్పేదీ అదే. సీనియర్ సిస్టర్ తన ఆలోచనను పైకి చెబుతూ పనిచేస్తే అది అబ్బుతుంది. "ఎందుకలా అనుకుంటున్నావమ్మా? అది కాకపోతే ఇంకేమై ఉంటుంది?" అని అడిగి, జవాబు వచ్చేదాకా ఆగాలి.

తెలంగాణ ఈ దారిలో ఒక మంచి అడుగు వేసింది. 2017లో ఫెర్నాండెజ్ ఫౌండేషన్, యునిసెఫ్ తోడ్పాటుతో, అప్పటికే అర్హత ఉన్న నర్సులకు 18 నెలల మిడ్‌వైఫరీ (కాన్పు సంరక్షణ) శిక్షణ మొదలుపెట్టింది. డిగ్రీ చేతికొచ్చాక కూడా మంచం పక్కన నేర్చుకోవలసింది ఉంటుందని ఒప్పుకున్నట్టే కదా.

ఏమై ఉంటుందో తేల్చుకున్నాక నర్సు దాన్ని డాక్టరుకు చెప్పగలగాలి. "సార్, బాలింతకు ఎందుకో బాలేదు" అంటే డాక్టరుకు ఏమీ తెలియదు. "సార్, కాన్పయి గంటన్నర. నాడి 84 నుంచి 118కి పెరిగింది. గర్భసంచి మెత్తగా ఉంది. రక్తస్రావం అనుకుంటున్నాను. మందు మొదలుపెట్టి అంబులెన్స్ పిలవమంటారా?" అంటే నిమిషంలో నిర్ణయం జరుగుతుంది. పరిస్థితి, నేపథ్యం, అంచనా, అభ్యర్థన అనే ఈ వరస అమెరికా జలాంతర్గాముల్లో పుట్టి ఆసుపత్రులకు వచ్చింది.

అయితే ఆ ఫోన్‌కు అవతల కసురుకుంటే శిక్షణంతా వృథా. ఇంకోసారి అనుమానం వచ్చినా, బీపీ పడేదాకా ఆమె ఫోన్ చేయదు.