అప్పు తీర్చుటకు బిడ్డను పంపవద్దు



కొండగట్టు చుట్టుపట్ల వలస ఎరుగని ఊరు అరుదు. జగిత్యాల, కోరుట్ల వైపు నుండి మగవారు దుబాయి, మస్కటు పోతారు. సిరిసిల్ల నేతగాండ్రు ఎందరో భీవండి మరమగ్గాలకు పోయారు. ఇంటి దగ్గర తల్లి బీడీలు చుట్టి పిల్లలను సాకుతుంది. బావి ఎండినప్పుడు, మగ్గము ఆగినప్పుడు బ్రతుకుతెరువు వెదకుట తప్పు కాదు. అయితే ఆ ఇంటి అప్పు బిడ్డ మెడకు చుట్టుకోకూడదు. మేము ఈ మాటలు వ్రాయుటకు కారణము ఇదే.

పిల్లలను పట్టుకుపోయేవాడు రాత్రివేళ గోనెసంచితో వస్తాడని మనము అనుకుంటాము. అతడు పగలే వస్తాడు, వరుస కలుపుతాడు. వడ్డీవాడు వాకిట నిలిచిన వారమే వస్తాడు. "అక్కా, పిల్లను పట్నంల మంచింట్ల పెడ్త. సదివిపిస్తరు. ముందుగాల ఈ పైసలు ఉంచు" అంటాడు.

యోసేపును అమ్మినది పరాయివారు కాదు. పదిహేడేండ్ల తమ్ముణ్ణి సొంత అన్నలే వెండికి అమ్మివేశారు. తండ్రికి చేరినది నెత్తురంటిన అంగీ మాత్రమే.

కనుక పంపకముందే అడగండి. ఏ ఊరు, ఏ ఇల్లు? మనము వెళ్లి చూడవచ్చునా? బిడ్డ ఏ బడిలో చదువుతుంది? రమ్మన్న దినమే తిరిగి వస్తుందా? వీటికి తడబడేవాడు ముందుగా డబ్బు ఇస్తే, అది సహాయము కాదు, బిడ్డకు కట్టిన వెల.

చట్టము కూడా మన పక్షముగా ఉన్నది. 14 ఏండ్లలోపు పిల్లలను పనిలో పెట్టుకొనుట నేరమని 2016లో చట్టమును సవరించారు. బడి వేళ కాకుండ ఇంటివారికి సాయపడుట వేరు. అప్పు కింద వెట్టి చేయించుకొనుట 1976 చట్టముతో రద్దయినది, ఆ అప్పు కూడా చెల్లదు. గల్ఫులో ఇంటిపనికి 30 ఏండ్లు నిండని స్త్రీని పంపుటకు ప్రభుత్వము ఒప్పుకోదు. ఆడపిల్ల వయస్సు పెంచి పాస్‌పోర్టు చేయిస్తానన్న ఏజెంటును నమ్మవద్దు.

మన బిడ్డలు పోయినట్లే ఇతరుల బిడ్డలు మన వైపు వస్తారు. ఒడిశా నుండి పెద్దపల్లి ఇటుక బట్టీలకు కుటుంబములు పిల్లలతో సహా వస్తున్నాయి. వారిని కూడా మన పిల్లలుగా ఎంచుదాము.

ప్రతి సంఘము ఒక పని చేయవచ్చును. తండ్రి దూరదేశములో ఉన్న ఇండ్లు ఏవో తెలుసుకొని, జూన్‌లో బడి తెరవగానే ఆ పిల్లలందరు వచ్చారో లేదో చూడండి. ఒక్కరు కనబడకపోయినా ఆ సాయంత్రమే ఆ ఇంటికి వెళ్లండి. అనుమానము కలిగితే 1098కి ఫోను చేయండి. రాత్రింబగళ్లు పలుకుతారు, రూపాయి ఖర్చు లేదు.

అప్పు మరుసటి పంటకైనా తీరుతుంది. పోయిన బాల్యము ఏ పంటకూ తిరిగి రాదు.