పటాన్‌చెరువునుండి అనంతగిరికి ద్విచక్రయాత్ర

సైకిలు మన దేశమున రెండు తీరుల జీవించుచున్నది. తెల్లవారకముందే టిఫిను కేరియరు తగిలించుకొని పాశమైలారము కర్మాగారముల గేట్లయొద్ద నిలుచునది యొకటి. ఆదివారము ఉదయమున శిరస్త్రాణధారియగు సవారితో, పది కిలోలకు మించని బరువుతోను లక్షకు మించిన ధరతోను జాతీయ రహదారిపై దూసికొనిపోవునది మఱియొకటి. త్రోవ మాత్ర మీ రెంటికి నొక్కటే. ఆ త్రోవ యెట్లున్నదో కండ్లార జూడగోరి మేము గడచిన శీతకాలమున పటాన్‌చెరువులో బయలుదేరి, సంగారెడ్డి, సదాశివపేట, మోమిన్‌పేటల మీదుగ వికారాబాదు చేరి అనంతగిరి నెక్కితిమి. దూరము ఎనుబది తొంబది కిలోమీటర్లు.

ఇదియు నొక దూరమా యని అనుభవజ్ఞులు నవ్వవచ్చును. వారి నవ్వు న్యాయమైనదే. బ్రెవే యను పేర లోకమంతటను సాగుచున్న దీర్ఘయాత్రలలో 200 కిలోమీటర్లను పదమూడున్నర గంటలలోను, 600 కిలోమీటర్లను నలుబది గంటలలోను ముగింపవలెను. హైదరాబాదు యువకులనేకు లీ పరీక్షకు నిలిచి పతకములు గొనుచున్నారు. 1891లో మొదలైన పారిస్–బ్రెస్ట్–పారిస్ యాత్ర 1200 కిలోమీటర్లు. దానికి తొంబది గంటలు గడువు. 1923 అక్టోబరులో బొంబాయి పార్సీ యువకులు కొందఱు సైకిళ్ళపై భూప్రదక్షిణమునకు బయలుదేరిరి. వారిలో ఆది హకీము, జాల్ బాపసోలా, రుస్తుం భుంగారా యను మువ్వురు నలుబదినాలుగు వేల మైళ్ళు త్రొక్కి 1928 మార్చిలో ఇల్లు చేరిరి. గేర్లు లేని బండ్లవి!

కొండదారుల యాత్రలకు నేడు పేరుపడిన దేశములలో వేల్సు ఒకటి. ఆ దేశపు ఉత్తరాగ్రమందలి హోలిహెడ్డు రేవునుండి దక్షిణ సముద్రతీరము వఱకు లోన్ లాస్ కమ్రి యను సైకిలు మార్గము సుమారు 400 కిలోమీటర్లు సాగును. సెవర్ను, వై నదులకు జన్మస్థానమగు ప్లిన్లిమను పర్వతము ఆ నడిమి సీమలోనిదే. అక్కడి రోడ్లన్నిటిలో నున్నతమైనది గాస్పెల్ కనుమ. దాని యెత్తు సముద్రమట్టమునకు 549 మీటర్లు. మన పటాన్‌చెరువులో 1972లో నెలకొల్పబడిన ఇక్రిశాటు పరిశోధనక్షేత్రపు జొన్నచేల యెత్తు 545 మీటర్లు! వారు రొప్పుచు, రోజుచు ఎక్కెడి శిఖరమంత యెత్తున మనవారు నిశ్చింతగ నాగలి దున్నుచున్నారన్నమాట. కాని దీనికై మనము మీసములు దువ్వుకొన బనిలేదు. సవారిని కుంగదీయునది ఎత్తు కాదు, ఎక్కుడు. వేల్సులో నొక కనుమ నెక్కినవాడు మరల సముద్రమట్టము సమీపమునకు దిగును; దిగిన వెంటనే మఱియొక కనుమ యెదురగును. ఇట్లు దినమునకు నాలుగైదు మారులు జరుగగా, సాయంకాలమున కా ఎక్కుడులన్నియు గూడి యొక మహాపర్వతమగును. మన దక్కను పీఠభూమి యంత నిర్దయురాలు కాదు.

మా యాత్రలో నిర్దయ యంతయు రహదారియందే యున్నది. పూనానుండి మచిలీపట్టణమునకు బోవు 65వ నంబరు జాతీయ రహదారిపై పటాన్‌చెరువు మొదలు ఇస్నాపూరు, రుద్రారము దాటువఱకు సవారి కన్ను వెనుకకే యుండవలెను. రోడ్డు ప్రక్క తెల్లగీత కీవల మిగిలిన మూరెడు చోటులో నిలిపిన లారీలు, ఎదురుదిక్కున వచ్చు మోటారు సైకిళ్ళు, కంకర కుప్పలు. నక్కవాగు దిక్కునుండి గాలి వీచినపుడు ముక్కు మూసికొనుటకు చేయి తీసిన బండి తొణుకును. మూసికొనకున్న ప్రాణము తొణుకును. ఆ వాగు కాలుష్యముపై 1990లోనే వ్యాజ్యము సర్వోన్నత న్యాయస్థానమున కెక్కినది. కంది దాటి సంగారెడ్డి చేరుసరికి గాని ఊపిరి తిరుగలేదు. 1796లో గట్టిన అచ్చటి జైలు 2016నుండి ప్రదర్శనశాలయైనది. రుసుము చెల్లించి ఒక దినము ఖైదీగా నుండవచ్చునట. కారాగారమును కొనుక్కొను కాలము వచ్చినది.

సదాశివపేటలో టైర్ల కర్మాగారమున్నది. ఆ యూర నొక టీ బంకుకడ మా బండ్ల జూచి ఏబదియేండ్లు దాటిన కార్మికు డొకడు దగ్గఱకు వచ్చెను.

"ఏంది సారూ, గింత దూరం సైకిలు మీద? కారు చెడిపోయిందా?"

"లేదన్నా, కావలెననియే వచ్చితిమి. అనంతగిరికి పోవుచున్నాము. పూర్తిచేసినవారికి పతకములిచ్చు యాత్రలు గూడ గలవు."

"మంచిగనే ఉన్నది. నేను ముప్పయ్యేండ్లసంది డ్యూటీకి దినాం పన్నెండు కిలోమీటర్లు పోతున్న, పన్నెండు వస్తున్న. నాకెవ్వలు బిళ్ళ ఇయ్యలే."

మేము లెక్క కట్టి చూచితిమి. ఏటికి మున్నూరు పనిదినములైనను ముప్పదియేండ్లకు రెండు లక్షల పదునాఱు వేల కిలోమీటర్లు. భూమిచుట్టు కొలత నలుబది వేలు. ఆతడు అయిదు ప్రదక్షిణములు ముగించి ఆఱవదానిలో నున్నాడు. పార్సీ వీరులు త్రొక్కినదానికి మూడింతలు త్రొక్కినాడు. ఆ దూరమంతయు లారీల ప్రక్కనే.

దీనిని హాస్యముగ గొనరాదు. 2022లో దేశమందు రోడ్డు ప్రమాదముల మరణించినవారు 1,68,491 మంది. వారిలో పాదచారులే 32,825 మంది. 2011 జనాభా లెక్కలలో నూటికి దాదాపు నలుబదియైదు ఇండ్ల సైకిలున్నట్లు తేలినది. ఇన్ని ఇండ్ల బండికి రోడ్డుపై చోటేది? వేల్సులో 2013 చట్టము నడచువారికిని సైకిలువారికిని దారులు గుర్తించి బాగుచేయుట స్థానిక సంస్థలకు విధిగా జేసినది. 2023 సెప్టెంబరులో జనావాస వీధుల వేగము గంటకు ఇరువది మైళ్ళకు దింపబడినది. మనవారు చేయలేదనరాదు. ఆ యేడే అక్టోబరు 1న హైదరాబాదు వలయ రహదారి ప్రక్కన, పైకప్పున సౌరఫలకములతో, నాలుగున్నర మీటర్ల వెడల్పున 23 కిలోమీటర్ల సైకిలు దారి తెఱవబడినది. సుందరమైనదే. నార్సింగినుండి వచ్చు దాని శాఖ కొల్లూరులో ముగియును. కొల్లూరు కావల, కూతవేటు దూరముననే, పటాన్‌చెరువు కార్మికుడున్నాడు! నీడ వ్యాయామపరునికిని, ఎండ పనివానికిని పంచియిచ్చిన యీ భాగపరిష్కారము మాకు రుచింపలేదు. ఆ దారిని పటాన్‌చెరువు మీదుగ పాశమైలారమునకు పొడిగింపవలెను. పైకప్పు లేకున్నను సరియే. లారీకిని సైకిలుకును నడుమ మోకాలెత్తు గోడ చాలును.

సదాశివపేటలో దక్షిణమునకు మరలినంతనే లోకము మాఱెను. ప్రత్తిచేలు, కందిచేలు, ఎఱ్ఱని జేగురు నేల. దారి మెల్లమెల్లగ నెక్కుచుండును; కంటి కగపడదు, తొడలకు దెలియును. ఇచ్చట నొక విశేషము. సంగారెడ్డి నీరు మంజీరలో గలిసి గోదావరికి బోవును. అనంతగిరి నీరు మూసియై వాడపల్లికడ కృష్ణలో గలియును. అనగా సదాశివపేటకును వికారాబాదునకును నడుమ నొకానొక మిట్టపై సవారి గోదావరిని విడిచి కృష్ణను చేరుచున్నాడు. అచ్చట బల్ల లేదు, రాయి లేదు. కారులో బోవువానికి ఆ మిట్టయే లేదు.

వికారాబాదు దాటిన పిమ్మట అడవి. తుది అయిదారు కిలోమీటర్లు మలుపులతో గూడిన ఎక్కుడు. అచ్చట మేము చిన్న పల్లెచక్రము వేసి, మాటలు మాని త్రొక్కితిమి. అనంతపద్మనాభస్వామి కోవెల మెట్ల దిగువ నీడలో కూర్చుండినపుడు ప్రొద్దు రెండుజాములు దాటినది. హైదరాబాదును 1908లో ముంచిన మూసి పుట్టినది ఈ కొండలలోనే.

పోదలచిన వారు కార్తికమునుండి మాఘమువఱకు బోవుట మేలు. మోమిన్‌పేటలో సీసాలు నింపుకొనవలెను. దిగునపుడు బ్రేకులు విడిచి విడిచి పట్టవలెను; ఆదివారములందు నగరమునుండి వచ్చు కారులు మలుపులలో హారను మ్రోగింపవు. తిరిగి త్రొక్కు నోపిక లేనివారికి వికారాబాదు జంక్షనులో రైలు దొరకును.