అర్థం కాకుండానే థాంక్యూ చెప్పాను!

కిందటేడు మా బాబు స్కూల్లో పేరెంట్స్ మీటింగుకి వెళ్ళాను. లెక్కల టీచరు వాడి నోటుబుక్కు తిరగేస్తూ, "హీ ఈజ్ ఆల్ ఓవర్ ది ప్లేస్" అన్నారు. ఆల్ అంటే అంతా, ప్లేస్ అంటే చోటు. అన్నింట్లోనూ మావాడే ఉన్నాడు కాబోలని మురిసిపోయి, "థాంక్యూ మేడమ్" అనేశాను. ఆవిడ అదోలా చూశారు.

ఇంటికొచ్చి చెబితే, డిగ్రీ చదివే మా అమ్మాయి పడీపడీ నవ్వింది. "తమ్ముడికి ఓ పద్ధతీ నిలకడా లేదన్నారమ్మా!" అంది. నాకు తల కొట్టేసినట్లయింది. ఆ రాత్రే దాని దగ్గర కూర్చుని ఆ మాట సంగతంతా రాసుకున్నాను. మీకూ పనికొస్తుందని చెబుతున్నాను.

మొదటి అర్థం, మనం రోజూ పిల్లలమీద అరిచేదే! బొమ్మలు ఇల్లంతా చిందరవందరగా పడుంటే, "టాయ్స్ ఆర్ ఆల్ ఓవర్ ది ప్లేస్" అనాలి. తాళాలకోసం ఇల్లంతా వెతికితే, "ఐ లుక్డ్ ఆల్ ఓవర్ ది ప్లేస్" అనొచ్చు. 'ఎవ్రీవేర్' అన్నా అంతటా అనే అర్థం. కానీ వస్తువుల గురించి ఈ మాట అంటే, సర్దుబాటు లేదన్న విసుగు కూడా ధ్వనిస్తుంది.

రెండో అర్థం మనుషులకీ పనులకీ సంబంధించింది. ఆలోచన కుదురుగా లేకపోయినా, పని ఓ వరస లేకుండా సాగినా ఇదే మాట వాడతారు. మా బాబుకి తగిలింది ఇదే!

ముందు 'ఇన్' చేర్చి 'ఇన్ ఆల్ ఓవర్ ది ప్లేస్' అనకూడదు. చోటు పేరు చెప్పాలంటే 'ఆల్ ఓవర్ ది హౌస్', 'ఆల్ ఓవర్ ఇండియా' అంటే సరి. ఇది కబుర్లలో వాడే మాట. ఆఫీసుకి రాసే అర్జీల్లో వద్దు.

వారం తర్వాత మొహమాటం పక్కనపెట్టి మళ్ళీ టీచర్ని కలిశాను. "ఆ రోజు మీ మాట నాకర్థం కాలేదండీ. ఏం చెయ్యమంటారు?" అని తెలుగులోనే అడిగాను. లెక్క సగం పైనా సగం మార్జిన్లోనూ చేస్తున్నాడనీ, స్టెప్పులు ఒకదానికింద ఒకటి రాయించమనీ ఓపిగ్గా చెప్పారు. ఇప్పుడు రోజూ సాయంత్రం నేను కూర తరుగుతుంటే వాడు పక్కనే కూర్చుని అలాగే రాస్తున్నాడు.

అర్థం కానిది అడిగితే చిన్నతనం కాదు. తల ఊపి వచ్చేస్తేనే పిల్లలకి నష్టం.